ఐదు దినాల గోలీలు

పొద్దుగూకంగనే మా ఇంట్ల ప్రార్థన అయ్యేది. ఆమెన్ అన్నంక బాపు గూట్లకెల్లి చిన్న సీసా తీసి, ఒక్క గోలీ అక్క అరచేతిల పెట్టేటోడు. మా అమ్మను మేం అవ్వ అనేటోళ్లం, అవ్వ చెంబుతోని నీళ్లిచ్చేది. అక్క గోలీ నోట్లేసుకొని, నీళ్లు తాగి, "అయింది బాపు" అనేది. అప్పటిదాంక చాప మీదికెల్లి ఎవ్వలు లేవొద్దు. అన్నం సల్లారనీ, కడుపుల ఎలుకలు ఉరకనీ, లేవొద్దంటె లేవొద్దు. నాకప్పుడు పదమూడేండ్లు, అక్కకు పందొమ్మిది. గా సీసాను నేను లోపల్లోపల ఎన్ని తిట్లు తిట్టుకున్ననో లెక్కలేదు.

మేముండేది ఆదిలాబాద్ జిల్లల బొగ్గుబాయిల ఊరు, కంపెనీ క్వార్టరు. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయ్యి పదేండ్లు దాటింది గని, మా బాపు ఇంక నిజాం కాలం మనిషి లెక్కనే ఉండె, మాట అంటె మాట. ఆయన కొలువు లాంపు రూముల. బాయిల దిగేటోళ్లకు నెత్తికి పెట్టుకునే దీపాలిచ్చుడు, షిఫ్టు దిగినంక వాపసు తీసుకునుడు. ఒక్క దీపం తక్కువొచ్చిందంటె ఒక మనిషి ఇంక లోపల్నే ఉన్నడన్నట్టు. అందుకే ఏదైనా లెక్క తప్పుతె ఆయన పానం మీదికొచ్చేది. అక్క గోలీలను గూడ గట్లనే చూసుకున్నడు.

అక్కకు చిన్నప్పుడు కీళ్లనొప్పులు, జ్వరాలు వచ్చి పోయినయి. ఎదిగే పోరికి నొప్పులు మామూలేనని ఎవ్వలు పట్టించుకోలే. పెద్దగైనాక బిందె నీళ్లు తెచ్చినా ఆయాసం, పండుకుంటె ఊపిరాడకపోవుడు. గుండెల రక్తం ఎనుకకు మర్లకుండ మూసుకునే తలుపసొంటిది ఒకటుంటదట, అది చెడిపోయిందన్నరు. మా పాస్టరయ్యగారు ఉత్తరం రాసిచ్చిండు. బాపు అక్కను తీసుకొని మద్రాసు అవతల ఒక మిషన్ దవాఖానకు పోయిండు. మూడు నెలలకు వాపసొచ్చిన్రు. అక్క ఛాతి మీద పొడుగు కుట్లు, లోపల యంత్రపు తలుపు. పక్కకు పండుకుంటె అది టక్కు టక్కుమనేది. అక్క గడియారం మింగొచ్చిందని వాడకట్టు పిల్లలకు చెప్పి, ఒక్కొక్కని చెవి పెట్టి వినిపిచ్చిన. అక్క నా జుట్టు వట్టి గుంజింది, మళ్ల తనే నవ్వింది. గా నవ్వు చూసి మా అవ్వ ఎంత ఏడ్చిందో.

యంత్రపు తలుపు మీద రక్తం గడ్డకడ్తదట. గడ్డల చిన్న ముక్క ఊడి మెదడుకు పోతె మనిషి పోయినట్టే. దానికే గా గోలీ, రక్తం జల్ది గడ్డకట్టకుండ. మరీ ఎక్కువైతె ఎక్కడికెల్లన్న రక్తం కారి ఆగదు. నడిమిట్ల ఉండాలె. అందుకని నెలకోసారి రైలెక్కి, కాజీపేట దిక్కు పెద్ద దవాఖానకు పోయి, రక్తం ఎంతసేపటికి గడ్డకడ్తుందో పరీక్ష చేయించాలె. మామూలు మనిషికి పట్టేదానికి రెండింతల సేపు పడితె బాగున్నట్టు. ఆకుకూరలు ఎక్కువ తింటె మందు పనిచెయ్యదని గూడ డాక్టరు చెప్పిండు. ఎప్పుడూ ఒక్క తీరుగ తినుమన్నడట, బాపు మాత్రం బందు అని పట్టుకొచ్చిండు. పెరట్ల అవ్వ పెంచుకున్న పుంటికూర, పాలకూర, తోటకూర ఒక్క పూటల పీకి పారేసిండు. ఆకు లేకుంటె మా అవ్వకు వంటనే రాదు. పదిదినాలు వంకాయనే తిన్నం.

మొదటి మూడు నెలలు పరీక్ష మంచిగనే వచ్చింది. నాలుగో నెల ఒకనాడు నల్లా కాడ బట్టలుతుకుతుంటె అక్క మొకం తెల్లగ పాలిపోయింది. నీళ్లల్ల ఎరుపు జూసి నేను బుగులువడ్డ. నెల దినాలల్ల మునుపు మూడు రోజులు గూడ ఉండకపోయేది, గోలీ మొదలైనకాంచి తొమ్మిది పది దినాలు ఆగుతలేదని చెప్పింది. పాత చీరెలు చింపి చింపి అయిపోయినయట. అవ్వకు చెప్పరాదె అంటె, అవ్వ బాపుకు చెప్తది, బాపు డాక్టరుకు చెప్తడు, అయ్యగారికి చెప్తడు అన్నది. అది నిజమే. అక్క రోగం మొదలైనకాంచి ప్రతి ఆదివారం చర్చిల బాపు లేచి, అక్క సంగతి ఉన్నదున్నట్టు చెప్పి, సంఘమంతా ప్రార్థన చెయ్యుమనేటోడు. ఆయాసం చెప్పిండు, కుట్లు చెప్పిండు, ఆఖరికి విరేచనాలు గూడ చెప్పిండు. ఇది గూడ చెప్తె తను బాయిల దుంకుతనన్నది అక్క.

నాకు గిప్పటికి కోపమొచ్చే ముచ్చట ఒకటుంది. మా పక్క క్వార్టర్ల ఆడోళ్లు ఆ దినాలల్ల ఎడంగ, గుమ్మం బయట కూసునేటోళ్లు. మా బాపు వాళ్లను జూసి, మనింట్ల గసొంటి మైల పట్టింపులు లేవు, దేవుని ముందట అందరొక్కటే అని గర్వంగ చెప్పేటోడు. పట్టింపు లేదు నిజమే, గని ఆ దినాల మాట ఎత్తుడు గూడ మా ఇంట్ల లేకుంటయింది. అక్క పక్కింట్ల పుట్టి ఉంటె, గుమ్మం బయట తొమ్మిది దినాలు కూసున్నదని వాడకట్టంత చూసేది. బాపసొంటి లెక్కల మనిషి ఆ దినాలు గూడ లెక్కపెట్టేటోడు గద. మా ఇంట్ల అక్క అందరి నడుమ కూసొని ప్రార్థన చేసింది, ఎవ్వలకు ఏం కనవడలే.

ఆ నెల నుంచి అక్క ఒక ఉపాయం తీసింది. ఆ దినాలల్ల ఐదు రోజులు గోలీ మింగది. బాపు ముందట నోట్లేసుకొని నాలుక కింద పెట్టుకొని, నీళ్లు తాగి, "అయింది బాపు" అంటది. ఎనుక వంటింట్లకొచ్చి నా చేతిల ఉమ్మేస్తది. నేను దాన్ని బొగ్గుల సిగిడిల ఏస్త. ఐదు దినాలే గద, ఏమైతది, మిగిలిన దినాలు మింగుతున్న గద అన్నది. నాకు సుత గట్లనే అనిపించింది. ఒట్టు పెట్టించుకున్నది. నేను పెట్టిన. అక్కకు నేను తప్ప ఎవ్వలు లేరని లోపల జర మురిసిన గూడ. గది తల్సుకుంటె నన్ను నేను తన్నుకోబుద్ధైతది.

తర్వాతి పరీక్షల రక్తం జల్ది గడ్డకట్టింది. డాక్టరు బాపును గట్టిగ మందలిచ్చిండట, మందు సరిగ మింగిస్తలేరు, లేకుంటె ఆకులు తినిపిస్తున్నరు, రెంటిల ఒకటి అని. మందు తన చేతితోనే ఇస్తుండు, అక్క తన కండ్ల ముందటనే మింగుతుంది. ఇగ మిగిలింది ఆకులే. స్టేషనుకెల్లి ఇంటికొచ్చి కాళ్లు గూడ కడుక్కోకముందే అవ్వ మీద పడ్డడు. ఏ పప్పుల ఏం కలిపినవ్, ఎవ్వలింటికెల్లి తెచ్చినవ్ అని. అవ్వ తలకాయ వంచుకొని నిలవడ్డది. పాపం, చెయ్యని తప్పుకు మాటలు పడ్తుందనుకున్న. అక్క మొకం దిక్కు జూసిన. అక్క కండ్లతోనే వద్దన్నది.

డాక్టరు గోలీ పెంచిండు. పెంచంగనే ఆ దినాలల్ల రక్తం ఇంక ఎక్కువ పోవుడు మొదలైంది. అక్క ఐదు దినాలను ఏడు చేసింది. పరీక్ష మళ్ల తక్కువొచ్చింది, డాక్టరు మళ్ల పెంచిండు, బాపు మళ్ల అవ్వను తిట్టిండు. గట్ల మూడు నెలలు నడ్సింది. ఒకనాడు బాపు నన్ను వాకిట్లకు పిలిచిండు. ఎన్నడు లేనిది నా నెత్తి మీద చెయ్యేసిండు.

"నువ్వు అబద్ధమాడవు బిడ్డా. అక్క గోలీ మింగుతుందా?"

"మింగుతుంది బాపు" అన్న.

బాపు తువ్వాలతోని మొకం తుడుసుకొని డ్యూటీకి పోయిండు.

ఇంక పదిదినాలకు, పగటిపూట, నేను బడికెల్లి అన్నానికొచ్చిన. అక్క గడప మీద కూసొని తల దువ్వుకుంటుంది. చేతిలకెల్లి దువ్వెన జారింది. తీసుకో అక్కా అన్న. కుడిచెయ్యి లేస్తలేదు. నా దిక్కు జూసి ఏదో చెప్పవోయింది, నోరు వంకర పోయింది, మాట రాలే. నేను ఒర్లిన ఒర్లుడుకు వాడకట్టంత ఉరికొచ్చింది. కంపెనీ దవాఖానల మూడు దినాలున్నది. నన్ను గుర్తువట్టేది, ఎడమచేత్తోని నా చెయ్యి వట్టుకొని వదలకపోయేది. ఏదో చెప్పాలని మస్తు కోషిస్ చేసింది. ఆమె చెప్పేది ఏందో నాకు ఎరుకే, ఒట్టు వదిలిపెట్టుమంటుందా, నిలవెట్టుకొమ్మంటుందా అన్నదొక్కటే ఎరుకలేదు. మూడోనాడు పొద్దుగాల అక్క పోయింది.

మెదడుల గడ్డ అని డాక్టరు చెప్పిండు. దవాఖాన వరండల బాపు అవ్వ దిక్కు మర్లి, "నీ ఆకులు నా బిడ్డను తినె" అన్నడు. గా మాట తర్వాత ఆయన అవ్వతోని సక్కగ మాట్లాడలే. నేను పక్కకే నిలవడ్డ. నోరు తెరిసిన. ఆకులు గాదు బాపు, గోలీలు అనాలె. ఎందుకు మింగలే అంటె? గా మాట బాపు ముందట అననీకి నాకు నోరు రాలే. అక్క పీనుగు లోపలుంది, నాకు సిగ్గొచ్చింది. గంత పాడు సిగ్గు లోకంల ఉంటదని నాకు గప్పుడే తెలిసింది.

ఎన్నో ఏండ్లకు, బాపు గూడ కాలం జేసినంక, అవ్వ నా దగ్గరికొచ్చి ఉన్నది. అక్క పోయినకాంచి అవ్వ ఆకుకూర ముట్టలే. ఒకనాడు పగటీలి నా పిల్లలకు పాలకూర పప్పు చేసిన. అవ్వ పళ్లెం దూరం జరిపింది. నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. ఎన్నేండ్లే అవ్వా నీకు ఈ శిక్ష, నువ్వు చేసిన తప్పేం లేదే అని అరిసిన. అరుస్తనే అంతా చెప్పిన. నల్లా కాడి ముచ్చట, నాలుక కింది గోలీ, సిగిడి, నా చెయ్యి. ఇగ అవ్వ నన్ను కొట్టినా సరే, తిట్టినా సరే, ఆమె మీది బరువైతె దిగుతదనుకున్న.

అవ్వ కొట్టలే, ఏడ్వలే. కొంగు సదురుకొని మెల్లగ అన్నది:

"దానికి గంతగనం పోతున్నదని నాకెరుకే బిడ్డా. దండెం మీద చీరె కింద ఆరేసిన బట్టలు నాకు కానరావా? పోయిన రక్తం మళ్ల రావాలె గదాని, ఆ దినాలల్ల మీ బాపు డ్యూటీకి, నువ్వు బడికి పోంగనే పాలకూర మెత్తగ నూరి పప్పుల కలిపి పెట్టిన. బాపుకు చెప్పద్దని దాంతోని ఒట్టేయించుకున్న."

ఆ దినాలల్లనే. నేను సాయంత్రం గోలీ పొయ్యిల ఏసిన దినాలల్లనే, పగటీలి అవ్వ ఆకు తినిపిచ్చింది. రెండు ఒట్ల సంగతి ఎరుకున్నది అక్కొక్కతికే. మేం ముగ్గురం ఒక్క చాప మీద కూసొని, ఆమెన్ అని, అన్నం తిన్నం.

"నాకన్న చెప్పకపోతివి అవ్వా" అన్న.

అవ్వ నా దిక్కు జూసింది.

"నువ్వు చెప్పినవా బిడ్డా?"