డీప్ గ్యాప్ నుంచి పదకొండు మైళ్ళు: మా సుజాత కారుకి టైరు సైజు ఎంచిన వైనం

నా పేరు మేడికొండ వెంకాయమ్మ. వయసు డెబ్బై నాలుగు. నార్త్ కరోలినాలో క్యారీ అనే ఊళ్ళో మా అల్లుడు రాఘవరావు గారింట్లో ఉంటున్నాను. ఇంట్లో అల్లుడు, మనవరాలు నిత్య, నేను. మొన్న అక్టోబరు దాకా నలుగురం. నాకు చదువు రాదు. ఈ బ్లాగు నిత్యది, తన ప్రయాణాలన్నీ ఇందులో పెట్టుకుంటుంది. నేను చెబుతుంటే పక్కింట్లో కూతురి దగ్గరికి వచ్చిన లలిత టీచరు రాస్తోంది. మాట మార్చొద్దని, ఏడుపులు చేర్చొద్దని ముందే చెప్పాను. రాయించడానికి కారణం ఉంది. టెక్సస్‌లో కాపెల్ అనే ఊళ్ళో ఉండే మా అల్లుడి అక్కగారు ఊరందరికీ ఫోన్లు చేసి, "రోగిష్టి పిల్లని స్పోర్ట్స్ కారెక్కించి కొండల్లో తిప్పింది ముసల్ది, ఉన్న నాలుగు రోజులూ లేకుండా చేసింది" అంటోంది. దానికి నా జవాబు ఇది. అలాంటి కారూ, అలాంటి మనిషీ, అలాంటి కోరికా ఉన్న ఇల్లు ఇంకోటి ఎక్కడైనా ఉంటే, వాళ్ళకి దారి తెలుస్తుందని కూడా.

సుజాత నా ఒక్కగానొక్క కూతురు. ఇరవై ఏళ్ళు వ్యాను నడిపింది. ఆఫీసుకీ, నిత్య డాన్సు క్లాసుకీ, కూరగాయలకీ అన్నిటికీ అదే వ్యాను. నలభై ఎనిమిదో ఏట బోనస్ డబ్బులతో రెండు తలుపుల నీలం కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుంది. ఆదివారం పొద్దున్నే ఒక్కతే బయల్దేరి గంట తిరిగి వచ్చేది. ఎక్కడికెళ్ళావంటే నవ్వేది, చెప్పేది కాదు. ఆ కారు మొదటి యజమాని ఎవడో దాన్ని నేలకి దించి, కంపెనీ ఇచ్చిన చక్రాలు పీకేసి, ఇరవై అంగుళాల రిమ్ములు వేయించాడు. వాటి మీద రబ్బరు నాలుగు వేళ్ళ మందం, అంతే. చూడ్డానికి బాగానే ఉండేది. రెండేళ్ళ తర్వాత సుజాతకి జబ్బు వచ్చి, అది వెన్నెముకకి పాకింది. ఆ చక్రాల మీద కిరాణా కొట్టుకి పది నిమిషాలు వెళ్ళొచ్చి, గరాజ్‌లో స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. అప్పటికే ఒక రిమ్ము గుంటలో పడి వంగి, గాలి దిగిపోతోంది కూడా.

అప్పుడడిగింది, బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండ రోడ్డు మీద డీప్ గ్యాప్ దగ్గర ఎక్కి, కొండ పక్కనే వంకర తిరిగే లిన్ కోవ్ వంతెన దాకా ఒక్కసారి నడపాలని. ఇరవై ఎనిమిది మైళ్ళు. డాక్టరు వద్దనలేదు. గంటకి మించకూడదు, పక్కన మనిషి ఉండాలి, ఆ రోజు మత్తు తెచ్చే నొప్పి మాత్ర వేసుకోకూడదు అన్నాడు. అంటే నడపాలంటే మాత్ర మానాలి. మాత్ర మానితే రోడ్డు మీది ప్రతి అతుకూ వెన్నులో తగులుతుంది. వ్యాన్‌లో పడుకోబెట్టి తీసుకెళ్తామన్నాడు అల్లుడు. "పడుకుని చూడ్డానికైతే నేనెందుకు, వీడియో చాలు. స్టీరింగ్ నేను పట్టుకోవాలి" అంది. అందుకని చక్రాలు మార్పిద్దామన్నాను నేను. "అత్తయ్యా, ఎన్ని వారాలు డ్రైవ్ చేస్తుందని ఇప్పుడు కొత్త వీల్స్?" అన్నాడు అల్లుడు. "ఒక్క పూట నడిపినా నడిపేది నా కూతురే కదండీ. కార్డు ఇస్తారా, నా గాజులు తియ్యమంటారా?" అన్నాను. కార్డు తీసి నిత్య చేతిలో పెట్టాడు.

నేను ఏ ధైర్యంతో అన్నానో చెప్పాలి. చిలకలూరిపేట దగ్గర హైవే పక్కన నేనూ మా ఆయనా నలభై ఏళ్ళు టైర్ల షాపు నడిపాం. పంక్చర్లు, పాత టైర్లకి కొత్త రబ్బరు అతికించడం, అన్నీ చేశాను. టైరు మీది అంకెలు నాకు రావు. అంచు పక్కన వేళ్ళు పెట్టి ఎన్ని వేళ్ళ రబ్బరో చూస్తాను, పిడికిలితో కొట్టి చప్పుడు వింటాను. మా దగ్గరికొచ్చే లారీ వాళ్ళు ఎప్పుడూ ఒక సైజు పెద్దదే వేయించుకునేవాళ్ళు, బరువుకి ఆగుతుందని, కుదుపు తగ్గుతుందని. అదే నా తలలో ఉండిపోయింది.

పక్కనున్న రాలీ ఊరి శివార్లలో డేల్ అనే ఆయన షాపుకి బుధవారం వెళ్ళాం. అరవై ఏళ్ళుంటాయి, చేతులు నల్లగా, గోళ్ళలో రబ్బరు. ఆ చేతులు చూసి నాకు నమ్మకం కలిగింది. కారుకి చక్రం చిన్నదైతే లోపలి బ్రేకుకి తగలొచ్చని ముందు పదిహేడు అంగుళాల ఉత్త రిమ్మొకటి బిగించి తిప్పి చూశాడు. సందు ఉంది. రిమ్ము లోపలికీ బయటికీ ఎంత జరిగి ఉంటుందో, దాన్ని ఆఫ్‌సెట్ అంటారట, అది కూడా పాతదానితో సరిచూశాడు. అప్పుడు టైరు సైజు చెప్పాడు, 245/45/17 అని. నిత్య నాకు విడమరిచింది. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో నూటికి ఎంత ఎత్తు రబ్బరు, మూడోది రిమ్ము అంగుళాలు. రిమ్ము మూడంగుళాలు తగ్గినా, రబ్బరు పెరుగుతుంది కాబట్టి చక్రం మొత్తం ఎత్తు పాతదానికి సమానంగానే వస్తుందన్నాడు. వేళ్ళు పెట్టి చూశాను. ఆరు వేళ్ళు. బాగుంది. కానీ పక్క అరలో ఇంకోటి కనిపించింది, 245/50 అని నిత్య చదివింది. ఏడు వేళ్ళు. నొక్కితే ఇంకా మెత్తగా అనిపించింది.

"ఇది వెయ్యమను" అన్నాను.

నిత్య అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అమ్మమ్మా, హైట్ మొత్తం ఒక ఇంచ్ పెరుగుతుందంట. కార్ ఆల్రెడీ లోయర్ చేశారు కదా, చక్రం పైన ఫెండర్ లోపల రబ్ అవుతుందంట. స్పీడ్ మీటర్ కూడా తక్కువ చూపిస్తదంట."

"నేను నలభై ఏళ్ళు ఇదే పని చేశానని చెప్పు. నా కూతురి వెన్నుకి ఒక వేలు రబ్బరు ఎక్కువుంటే వచ్చే నష్టమేంటో అడుగు."

ఆయన నా వైపు తిరిగాడు. "మేడమ్, నేనైతే వెయ్యను" అన్నాడు. "వేస్తారు" అన్నాను తెలుగులోనే. నిత్య నా చెయ్యి పట్టుకుని లాగింది. చివరికి ఆయన, ఊళ్ళోనే నెమ్మదిగా నడిపి చూడండి, తగిలితే వెంటనే వెనక్కి తెండి అని కాగితం మీద రాసి, నిత్య చేత సంతకం పెట్టించుకుని ఎక్కించాడు. ఖాళీ కారు చక్రం ఇటూ అటూ తిప్పితే ఎక్కడా తగల్లేదు. నేను గెలిచానని ఇంటికొచ్చాను.

శనివారం పొద్దున్నే ప్రయాణం. శుక్రవారం సాయంత్రం సుజాతని ఎక్కించుకుని నిత్య మా కాలనీలో ఒక రౌండు వేసింది, నేను వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్నాను. ముగ్గురి బరువుకి కారు దిగింది. మలుపులో స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే గర్రుమని చప్పుడు, రబ్బరు కాలిన వాసన. చక్రం పైనుండే నల్ల ప్లాస్టిక్ డిప్ప చీలి రోడ్డు మీద ఈడ్చుకుంటోంది. టైరు భుజం మీద బొటనవేలంత కోత. కొండ మలుపుల్లో ఈ కోత ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. డేల్‌కి ఫోన్ చేస్తే, సరైన సైజు నాలుగూ స్టాకులో లేవు, బుధవారం వస్తాయి అన్నాడు. నాలుగు టైర్లకి ఆరు వందల ఇరవై డాలర్లు, సెకండ్ హ్యాండ్ పదిహేడంగుళాల రిమ్ముల సెట్టు నాలుగు వందల ఎనభై. డబ్బు పోయింది, పోనీ. శనివారం పోయింది.

ఆ శనివారం గురించి చెప్పాలి. సుజాత ఆరింటికే లేచింది. తనే మెట్లు దిగి వచ్చి, రెండు పెసరట్లు తిని, పోస్టు డబ్బా దాకా నడిచి వెళ్ళి ఉత్తరాలు తెచ్చింది. ఆ నెలలో అంత బాగున్న రోజు లేదు. గరాజ్ తలుపు తీసి, చీలిన డిప్ప ఊడదీసి పెట్టిన కారుని చూసి, "వచ్చే వారం వెళ్దాంలే అమ్మా" అంది.

బుధవారం వచ్చిన సరైన సైజు టైర్లు ఎక్కించుకుని, తర్వాతి శనివారం బయల్దేరాం. అప్పటికి ఆమె మెట్లు దిగాలంటే రాఘవరావు గారు పట్టుకోవాల్సి వచ్చింది. పొద్దున ఆరున్నరకి క్యారీలో మొదలయ్యాం. వ్యాన్‌లో వెనక దిళ్ళ మధ్య సుజాత, అల్లుడు డ్రైవింగు. నీలం కారులో నిత్యా నేనూ. ఐ-40 హైవే మీద పడమరగా విన్‌స్టన్-సేలం దాకా, అక్కణ్ణించి 421 నంబరు రోడ్డు పట్టుకుంటే కొండలు మొదలవుతాయి. విల్క్స్‌బరో దగ్గర ఆగి పెట్రోలు నింపాం, ముప్పై ఎనిమిది డాలర్లయింది. పార్క్‌వేకి టికెట్టు లేదు, కానీ దాని మీద పెట్రోలు బంకులూ లేవు, కాబట్టి కిందే నింపుకోవాలి. అక్కడ కౌంటర్ దగ్గరి అమ్మాయి, పైన పొగమంచు ఉంది, పది దాటాక ఎక్కండి అంది. మేం డీప్ గ్యాప్ చేరేసరికి పది. మంచు విడిపోతోంది. ఆకులు సగం ఎర్రబడ్డాయి.

సుజాతని ఆ కారులోకి మార్చడానికి పది నిమిషాలు పట్టింది. సీటు సరిచేసుకుని, అద్దాలు సరిచేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. వెనక వ్యాన్‌లో తండ్రీ కూతురూ. ఈ రోడ్డు మీద నలభై ఐదు మైళ్ళు దాటకూడదు, దాటనివ్వవు మలుపులు. ఆమె నలభైలోనే నడిపింది. చేతులు స్టీరింగు మీద తేలిగ్గా ఉన్నాయి. అంత పొందికగా కారు నడుపుతుందని నాకు తెలియదు, ఏడేళ్ళుగా ఇంట్లో ఉండి కూడా. ఒక చోట రోడ్డు తవ్వి పూడ్చిన అతుకు వచ్చింది. నేను పళ్ళు బిగించాను.

"తెలీలేదమ్మా" అంది. "దడ్‌మంటుందనుకున్నా. ఆరు వేళ్ళు పనిచేసినై."

"పోయిన శనివారం..." అని మొదలెట్టాను.

"అమ్మా, రోడ్డు చూసుకోనీ నన్ను."

పదకొండు మైళ్ళు అలా వెళ్ళాం. ఆ తర్వాత తనే సిగ్నల్ వేసి, లోయ కనిపించే చోట పక్కకి తీసి ఆపింది. ఇంజను ఆపాక చాలాసేపు స్టీరింగు వదల్లేదు. "ఇంకా ఎంతుంది?" అంది. వ్యాన్ దిగి వచ్చిన నిత్య కిటికీ దగ్గర నిలబడి, "సెవెన్టీన్ మైల్స్ అమ్మా" అంది. సుజాత తల ఊపింది. "చాలు. ఇంక నీదే" అని తాళం దాని చేతిలో పెట్టింది.

అక్కడ మోటారు సైకిలు ఆపుకుని కాఫీ తాగుతున్న తెల్ల గడ్డం ముసలాయన ఒకడు మా కారు చుట్టూ తిరిగి, "ఇంత అందమైన కారుకి ఇంత చిన్న చక్రాలేంటి?" అని నవ్వాడు. సుజాతకి నొప్పితో చెమటలు పడుతున్నాయి. అయినా నవ్వి, "మా అమ్మ సెలెక్షన్. నలభై ఏళ్ళు టైర్ల షాపు నడిపింది" అంది. ఆయన నాకు టోపీ తీసి, "అయితే ఆవిడకే తెలుసు" అన్నాడు. నిత్య నాకు తెలుగులో చెప్పింది. నాకే తెలిసుంటే పోయిన శనివారమే ఆ చోటు దాటి వంతెన దాకా వెళ్ళిపోయి ఉండేవాళ్ళం.

మాత్ర వేసి వ్యాన్‌లో పడుకోబెట్టాం. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ముందు నిత్య కారు, వెనక మేము. మాత్ర పనిచేసి నిద్రపోయింది. వంతెన కనిపించగానే అల్లుడు వేగం తగ్గించి అద్దంలో నన్ను చూశాడు. "లేపమంటారా అత్తయ్యా?" మూడు రోజులుగా ముడుచుకున్న ఆమె ముఖం అప్పుడే కాస్త విప్పారింది. "వద్దు బాబూ" అన్నాను. వంతెన గాలిలో తిరిగినట్టు తిరిగి, కొండ పక్కకి చేరింది. నిమిషం కూడా పట్టలేదు. ఇంటికి తిరిగొచ్చేసరికి సాయంత్రం నాలుగు. వంతెన ఎలా ఉందని సుజాత అడిగితే, చిన్నదేనని చెప్పాను. పంతొమ్మిది రోజులకి ఇంట్లోనే పోయింది.

కాపెల్ ఆవిడకి నా జవాబు. కొండ నా కూతుర్ని చంపలేదు, కారు చంపలేదు. ఆ పదకొండు మైళ్ళు ఆమె బాధపడుతూ నడిపింది నిజమే, కానీ అది ఆమె ఎంచుకున్న బాధ, మంచం మీది బాధ కాదు. మళ్ళీ అడిగితే మళ్ళీ ఎక్కిస్తాను. కానీ ఆవిడకి తెలియని నా తప్పు ఒకటుంది, అది నేనే చెబుతున్నాను. తెలిసిన మనిషి వద్దంటే, నలభై ఏళ్ళ గర్వంతో ఒక వేలు ఎక్కువ రబ్బరు వేయించాను. నా కూతురు ఇరవై ఎనిమిది మైళ్ళూ నడపగలిగిన శనివారం అలా పోయింది. లారీకి బరువు ముఖ్యం, ఆమెకి రోజు ముఖ్యం. ఆ తేడా నాకు తట్టలేదు. ఎవరైనా నన్ను అనాలనుకుంటే ఇందుకు అనండి, తల వంచుకుని పడతాను.

మీకు ఒక్కటే సలహా. కారు చక్రాలు మార్చేటప్పుడు మొత్తం ఎత్తు పాతదానికి సమానంగా ఉంచండి. ఒక్క చక్రం బిగించాక, ప్రయాణంలో ఎంతమంది ఉంటారో అంతమందీ కూర్చుని, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, లోపల తగలడం లేదని చూసి అప్పుడే మిగతా మూడూ ఎక్కించమనండి. ఆ పరీక్షకి పావుగంట చాలు, నేను దాన్ని శుక్రవారం సాయంత్రం దాకా చెయ్యలేదు.

ఇది మొత్తం లలిత టీచరు నాకు రెండుసార్లు చదివి వినిపించింది. నేను చెప్పినదే.

మేడికొండ వెంకాయమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు: నిత్య, మనవరాలు
లలిత, రాసినది
రాఘవరావు, సుజాత భర్త. చదివి సంతకం చేశాను.