ఎవరన్నారు గారి పదిహేడో బావి

మా యూనివర్సిటీ లైబ్రరీలో ముప్పై రెండేళ్లుగా పనిచేస్తున్న ఆ పెద్దాయనకి ఒకటే జబ్బు. ఎదుటివాళ్లు ఏం చెప్పినా “ఎవరన్నారు?” అని అడగకుండా ఉండలేరు. అందుకే ఆయన కన్నతల్లి పెట్టిన పేరు జీతాల కాగితంలో మాత్రమే మిగిలింది. ఊళ్లో, ఆఫీసులో, చివరికి ఆయన వీధి పోస్ట్‌మాన్ నోట కూడా ఆయన పేరు ‘ఎవరన్నారు గారు’.

ఆయన ఎదురు బల్ల నాది. నేను చేరిన మొదటి రోజే తడిసి ముద్దై వచ్చాను.

“బయట కుండపోతగా వానండీ,” అన్నాను.

“ఎవరన్నారు?”

నాకేం తోచక చేతిలోని గొడుగు చూపించాను. ఆయన దాని కొసనుంచి కారుతున్న నీళ్లని కళ్లజోడు సర్దుకుని చూశారు. “సరే. ప్రత్యక్ష సాక్షి,” అని తల దించుకుని పనిలో పడ్డారు.

డాక్టరు దగ్గరా అంతే. “మీకు బీపీ ఉందండీ,” అన్నాడట డాక్టరు. “ఎవరన్నారు?” “నేనే అంటున్నాను.” “మీకంటే ముందు?” “ఈ మిషన్.” “మిషన్ కంటే ముందు?” ఆ డాక్టరు ఇంకొకసారి మిషన్ పెట్టి చూశాడు. ఈసారి తన చేతికి.

ఆయన్ని గెలవగలిగింది ఒక్క మా పిన్నిగారే, అంటే ఆయన భార్య. “తలుపు గడియ బిగించమని చెప్పాను కదా,” అంటుందావిడ. “ఎప్పుడు?” అంటారీయన. “పోయిన మంగళవారం, పొద్దున ఏడుంపావుకి, మీరు ఎడమకాలి చెప్పు వెతుక్కుంటున్నప్పుడు. పక్కింటావిడ కూడా విన్నది.” అంతే, ఆయన కిక్కురుమనకుండా లేచి స్క్రూడ్రైవర్ తెచ్చుకునేవారు.

ఈ జబ్బుకి సరిపడే ఉద్యోగమే దొరికింది ఆయనకి. పరిశోధన వ్యాసం రాసినవాళ్లు చివర్లో ఒక పట్టిక ఇస్తారు, ఫలానా సంగతి ఫలానా వారి దగ్గర తీసుకున్నామని. ఆ పట్టికలన్నీ చూసి, ఎవరి మాటని ఎంతమంది తలుచుకున్నారో లెక్కపెట్టడం ఆయన పని. మొదట్లో అట్టముక్కల మీద రాసుకునేవారు. తర్వాత కంప్యూటర్ వచ్చింది. ఆయన దాన్ని వాడారు గానీ ఏనాడూ నమ్మలేదు.

ఆ యేడు కొత్త డైరెక్టరు వచ్చాడు. చురుకైన మనిషి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవాడు. వచ్చిన నెలకే ఉత్తర్వు వేశాడు: పదేళ్లుగా ఎవ్వరూ తలుచుకోని వాళ్ల ప్రయోగశాలలు ఖాళీ చేయించాలని. కంప్యూటర్ మీట నొక్కితే జాబితా బయటికొచ్చింది. అందులో మొట్టమొదటి పేరు నీళ్ల మేడమ్‌ది. ఎదురుగా పెద్ద సున్నా.

నీళ్ల మేడమ్ అంటే కింది అంతస్తులో, మెట్ల కింద గదిలో, నాలుగొందల సీసాలతో కాపురం చేసే లెక్చరర్. బావుల్లో నీళ్లు తెచ్చి ఉప్పెంత, సున్నమెంత అని పరీక్షించడమే ఆవిడ జీవితం. జాబితా చూసి ఆవిడ పాత వార్తాపత్రికలు తెచ్చుకుని సీసాలు చుట్టడం మొదలుపెట్టింది.

నేనే ఆ జాబితా పట్టుకెళ్లి పెద్దాయన బల్ల మీద పెట్టాను.

“నీళ్ల మేడమ్ సున్నా అట మాస్టారూ.”

“ఎవరన్నారు?”

“కంప్యూటర్.”

“కంప్యూటర్‌కి ఎవరు చెప్పారమ్మాయ్?”

ఆయన లేచి తిన్నగా డైరెక్టరు గదిలోకి వెళ్లారు. నేను వెనకాలే గుమ్మం దాకా వెళ్లాను.

“నాకు మూడు వారాలు కావాలండీ.”

“దేనికి? లెక్క అయిపోయిందిగా?”

“కంప్యూటర్ పేర్లని లెక్కపెట్టింది. నేను మాటల్ని లెక్కపెడతాను.”

డైరెక్టరుకి అర్థం కాలేదు. కానీ ఆ ముఖంలో పట్టుదల చూసి కాదనలేకపోయాడు.

పెద్దాయన మొదట నీళ్ల మేడమ్ పదహారేళ్ల కిందటి వ్యాసం తీశారు. నలభై బావుల పట్టిక అది. దాన్ని అక్షరం అక్షరం చదివి, ఆ పత్రిక తర్వాతి సంచికలో మూలన రెండే రెండు లైన్లు పట్టుకున్నారు: ‘గత సంచికలో పదిహేడో బావికి ఉప్పు 12 అని అచ్చయినది. 21గా చదువుకొనగలరు.’

“దీన్ని ఎవరైనా చదివారంటావా?” అని అడిగారు నన్ను.

“సవరణలు ఎవరు చదువుతారండీ?”

“అదే మనకి కావాలి,” అని చేతులు రుద్దుకున్నారు.

అప్పుడు మొదలైంది యజ్ఞం. నీళ్ల గురించి అచ్చయిన ప్రతి వ్యాసం, ప్రతి థీసిస్ కిందికి దించాం. ఆయన నిచ్చెన ఎక్కేవారు, నేను అందుకునేదాన్ని. దుమ్ముకి ఆయన తుమ్మితే నిచ్చెన ఊగేది, నిచ్చెన ఊగితే నా గుండె ఊగేది. పది రోజులు గడిచినా ఒక్కటి దొరకలేదు. “వదిలేద్దామా మాస్టారూ?” అన్నాను. “వదిలేయమని ఎవరన్నారు?” అన్నారు నిచ్చెన మీంచే.

పదకొండో రోజు మధ్యాహ్నం ‘నిశ్శబ్దం’ అని రాసున్న బోర్డు కింద నిలబడి “దొరికింది!” అని అరిచారు. ఆ బోర్డు రాసింది ఆయనే. నలభై తలలు పైకి లేచాయి. ఆయన వాళ్లందరికీ క్షమాపణ చెప్పి, తనకి తానే శిక్ష వేసుకుని పది నిమిషాలు వరండాలో నిలబడి వచ్చారు.

దొరికింది ఏమిటంటే, ఒక థీసిస్‌లో అదే పట్టిక. కింద ‘పూర్వ పరిశోధనల ప్రకారం’ అని ఉంది, పేరు లేదు. పదిహేడో బావి ఎదురుగా 12 అని ఉంది.

“చూశావా? ఈయన స్వయంగా బావి దగ్గరికి వెళ్లుంటే ఇరవై ఒకటి వచ్చేది. పన్నెండు వచ్చిందంటే ఆవిడ కాగితంలోంచే వచ్చింది. ఆ తప్పు ప్రపంచంలో ఆవిడ ఒక్కదానిదే!”

తర్వాత పన్నెండులు వరసగా దొరికాయి. ఆయన బస్సెక్కి పక్క ఊరి లైబ్రరీకి, ఆ తర్వాత మంచినీళ్ల శాఖ ఆఫీసుకి వెళ్లొచ్చారు. వాళ్ల చేతిపుస్తకంలోనూ పన్నెండే. మొత్తం ముప్పై ఒకటి. ఆఖరిది తెరిచి ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. నేను తొంగిచూశాను. అది మన డైరెక్టరుగారి సొంత థీసిస్.

“ఇక చూడండి తమాషా! మీటింగులో అందరి ముందూ చదివేద్దాం,” అన్నాను.

“వద్దమ్మాయ్. తలుపు వేసి చెబుదాం.”

తలుపు వేసే చెప్పారు. డైరెక్టరు తన పుస్తకంలో ఆ పేజీ చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“ఇది... ఇంకెవరు చూశారు?”

“మీరు, నేను, ఈ అమ్మాయి. ఈ ముప్పై ఒకటిలో మీ పేరు అక్షర క్రమంలో పద్నాలుగోది. పైకి తియ్యలేదు, కిందికి దాచలేదు.”

డైరెక్టరు నిజంగానే చురుకైన మనిషి. వెంటనే లేచి, ఈసారి మెట్లు ఒక్కొక్కటే దిగి, నీళ్ల మేడమ్ గదికి వెళ్లాడు, వెనకే మేమిద్దరం. “మేడమ్, మీ పేరు రాయాల్సిన చోట రాయలేదు. తప్పు నాది,” అన్నాడు. ఆ సాయంత్రమే ఉత్తర్వు రద్దయింది. సున్నా ఉన్న మిగతా పదకొండు మంది పనీ చేత్తోనే వెతకమని పెద్దాయనకి అప్పగించాడు.

డైరెక్టరు వెళ్లాక మేడమ్ అడిగింది. “మీకూ నాకూ పెద్ద పరిచయం కూడా లేదు. ఎందుకండీ ఇంత శ్రమ?”

ఆయన ఒక సీసాకి చుట్టిన పాత పేపరు చదవడంలో మునిగిపోయారు. సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆ ముప్పై ఒకటీ సర్దడానికి ఆ పొద్దున్నే నేను ఆయన బీరువా తెరిస్తే, అడుగున చెప్పుల పెట్టె నిండా ఉత్తరాలు కనిపించాయి. ముప్పై రెండేళ్లుగా, ఎవరి మాటనైనా మొదటిసారి ఎవరైనా తలుచుకుంటే చాలు, ఆ రాసినవాళ్లకి ఈయన ఒక కార్డు రాస్తున్నారు: ‘మీ మాట ఫలానా పుస్తకం ఫలానా పేజీలో ఉంది. మీకు తెలియాలని రాస్తున్నాను.’ పెట్టెలో ఉన్నవి వాళ్ల జవాబులు. ఒక రిటైరైన మాస్టారు, ‘కార్డు అందిన ఆనందంలో ఈరోజు రెండుసార్లు షికారుకి వెళ్లాను’ అని రాశారు. ఒకమ్మాయి, ‘నాన్నగారు లేరు. కార్డు నేను ఇంట్లో అందరికీ చదివి వినిపించాను’ అంది.

“ఊరికే లెక్క పెట్టుకుని నా దగ్గరే ఉంచుకుంటే ఏం లాభమండీ?” అని గొణిగారాయన.

వారం తర్వాత నీళ్ల మేడమ్‌కీ కార్డు వచ్చింది. కింది అంతస్తుకి వెళ్లినప్పుడు చూశాను. సీసాలన్నీ మళ్లీ అరల్లోకి చేరాయి. కార్డు గోడకి అతికించి ఉంది. ముప్పై ఒక్క పుస్తకాల పేర్లూ పేజీలతో సహా చీమల బారులా రాశారు. చివర ఒక లైను:

‘తా.క. మీ వ్యాసం నాలుగో పేజీ, మూడో పాదసూచికలో సంవత్సరం తప్పు పడింది. గమనించగలరు.’

మేడమ్ అప్పటికే ఎర్రసిరా కలం పట్టుకుని, తన పాత వ్యాసంలో ఆ సంవత్సరం దిద్దుకుంటోంది, ఒంటరిగా కూర్చుని, పైకే నవ్వుకుంటూ.