రెండు కంతల గొంగడి

మా అత్తమ్మ పోయింది. చలికాలం చివర్లో, పాలమూరు దవాఖానలో, పొద్దున చాయ్ తాగి గ్లాసు నా చేతికిచ్చి, జరసేపు పడుకుంటానని గోడవైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరగలేదు. హైదరాబాద్‌లో ఒక మాల్ పై అంతస్తులో, మంచు మీద స్కేటింగ్ చేసే చోట, ఆదివారాలు నల్ల గొంగడి కప్పుకుని నిలబడే ముసలమ్మను మీలో ఎవరైనా చూసి ఉంటారు. చూసి నవ్వుకుని కూడా ఉంటారు. ఆమే మా అత్తమ్మ. నవ్వినందుకు బాధపడకండి, ఆమె కూడా మిమ్మల్ని చూసి నవ్వుకునే ఉంటుంది.

ఆత్మకూరు అవతల, కృష్ణకు దగ్గర్లో ఉన్న ఊరు ఆమెది. గొర్లు కాచుకునే ఇల్లు. ఎండాకాలం మేత లేకపోతే మా మామతో కలిసి మందను తోలుకుని నెలల తరబడి ఊరు విడిచి తిరిగిన మనిషి. మామ పోయాక కొన్నాళ్ళు ఒక్కతే మందను కాచింది. మోకాళ్ళు మొరాయించాక గొర్లను అమ్మేసి పాలమూరులో మా దగ్గరికి వచ్చింది. వస్తూ తెచ్చుకున్నవి రెండే. ఉన్ని కత్తిరించే కత్తెర, మామ కప్పుకున్న గొంగడి. సొంత గొర్ల ఉన్నితో నేయించిన గొంగడి అది. తడిస్తే ఇల్లంతా మంద వాసన. మా ఆయన ముక్కు మూసుకునేవాడు. అత్తమ్మ మాత్రం వాన వచ్చేటప్పుడే దాన్ని బయట ఆరేసి మరిచిపోయేది. అది మరుపు కాదని నా అనుమానం.

ఇక నా సంగతి. నేను బడిలో లెక్కలు చెబుతాను. ఒకసారి పిల్లలను హైదరాబాద్ చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు, వాళ్ళతో పాటు నేనూ ఆ మంచు మీద కాలు పెట్టి, వాళ్ళందరికంటే ముందు పడ్డాను. పడ్డదాన్ని లేచి దులుపుకుని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. నలభై దగ్గరపడుతున్న వయసులో ప్రతి ఆదివారం పొద్దటి రైలెక్కి వెళ్ళి నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేర్చుకున్నది సోలో ఐస్ డాన్స్. గాల్లోకి ఎగిరి గిరగిరా తిరిగే స్కేటింగ్ కాదది. మామూలుగా ఆడ, మగ జంటగా చేతులు పట్టుకుని, పాటకు తగ్గట్టు వంపులు తిరుగుతూ అడుగులు వేస్తారు. అవే అడుగులు జోడీ లేకుండా ఒక్కరే వేస్తే సోలో. నావంటి పెద్దవాళ్ళకు విడిగా పోటీలు కూడా ఉంటాయి. మా ఆయన "పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టుమన్నట్టున్నది నీ కథ" అనేవాడు. అంటూనే రైలు టికెట్టు తీసిపెట్టేవాడు. ఆయనకు ఆదివారం కూడా బస్ డిపోలో డ్యూటీ. అందుకని అత్తమ్మ నా వెంట బయలుదేరింది.

"నలభై ఏండ్ల దాన్ని నన్నెవలు ఎత్తుకపోతరు అత్తమ్మా?" అన్నాను.

"నిన్నెవడు ఎత్తుకపోతడు? నీ సద్దిడబ్బ ఎత్తుకపోతరు" అంది, డబ్బా తన ఒళ్ళో పెట్టుకుంటూ.

ఆ మొదటి రోజే గొడవ. నా వంతు రాగానే మా కోచ్ మిగతా వాళ్ళను పక్కకు పంపి, నన్ను ఒక్కదాన్నే మంచు మధ్యలో నిలబెట్టాడు. పాట ఇంకా మొదలు కాలేదు. అత్తమ్మ మంచు చుట్టూ ఉన్న అడ్డగోడ దగ్గరికి వచ్చి అతన్ని నిలదీసింది.

"ఏమయ్యా, నా కోడల్ని ఎందుకు ఎలేసిండ్రు? అందరు గాడ, ఇదొక్కతె గీడ! ఏం తప్పు జేసింది?"

పాతికేళ్ళ పిల్లవాడు, బిత్తరపోయాడు. మందలోంచి ఒక్క గొర్రె పక్కకు వచ్చి నిలబడిందంటే దానికి ఒంట్లో బాగాలేదని అత్తమ్మ లెక్క. మనుషులకూ అదే లెక్క. నేను జారుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళి, ఇది జోడీ ఆటే కానీ నేను జోడీ లేకుండా ఆడుతున్నానని చెప్పాను.

"మీ మామ పోయినంక నేను గూడ గట్లనే గద మందను తోలిన" అంది అత్తమ్మ. "ఆయన నడిచే దిక్కు జర జాగా ఇడిచిపెట్టే నడుస్తుంటి. నువ్వు గూడ ఇడిచిపెట్టి ఆడు."

సోలో ఐస్ డాన్స్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ ఈ మాటే చెబుతాను.

నా పెద్ద జబ్బు తల దించుకోవడం. పడతానేమోనన్న భయంతో కళ్ళు పాదాలను వదిలేవి కావు. తల దించితే మార్కులు పోతాయి, పైగా ఒళ్ళు ముందుకు తూలి నిజంగానే పడతాం. "మేడం, తల పైకి!" అని కోచ్ అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకున్నాడు. అత్తమ్మ అరవలేదు. నేను ఏ మూల వంపు తిరుగుతానో రెండు ఆదివారాలు చూసి, మూడో ఆదివారం ఆ మూలకు వెళ్ళి నిలబడింది. నేను అటు పోతే అటు, ఇటు వస్తే ఇటు, గోడ వెంట నడిచేది. తెల్లటి మంచుకు అవతల నల్లటి గొంగడి. చూడకుండా ఉండడం ఎవరి తరం కాదు.

"కాళ్ళ దిక్కు జూసుకుంట నడిచేటోడు మందను ఏం గాస్తడు బిడ్డా? కాళ్ళు యాడికి పోతయ్, నీకే అతుకవెట్టి ఉన్నయ్ గద. నువ్వు నా దిక్కు జూడు."

అట్లా చూడడం నాకు అలవాటైంది. అయినా పోటీకి ముందు ఒకసారి చాలా గట్టిగా పడ్డాను. కుడి మోకాలు వాచి కుండంత అయింది. బొక్క విరగలేదు కానీ భయం మాత్రం బాగా విరుచుకుపడింది. చూడడానికి వచ్చిన చిన్నత్తమ్మ, అంటే అత్తమ్మ చెల్లెలు, మంచం పక్కన కూర్చుని ఒకటే పోరు. "గీ వయసుల గీ గంతులేందే పిల్లా? రేపు మంచాన పడితే ఎవలు జేస్తరు?" ఆమె మాటలో తప్పు లేదు. దెబ్బ తగలకుండా దుకాణంలో దొరికే ప్లాస్టిక్ చిప్పలు కట్టుకుంటే మోకాలు వంగదు, మోకాలు వంగకపోతే ఈ డాన్స్ లేదు. ఇక చాలు, మానేస్తానని ఇంట్లో అందరికీ చెప్పేశాను. చెప్పాక కూడా నొప్పి అని, చలి అని, మంచు గట్టిదని సణుగుతూనే ఉన్నాను.

"గొంగట్ల తినుకుంట ఎంటికలు ఏరితే ఎట్ల బిడ్డా?" అని అత్తమ్మ లోపలికి వెళ్ళింది.

మళ్ళీ వచ్చేసరికి ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో గొంగడి. నేల మీద పరిచి, నడుమ దళసరిగా ఉన్న చోట చేత్తో తడిమి, నేను చూస్తుండగానే ఒక చదరం ముక్క కోసేసింది. దాని పక్కనే ఇంకొకటి. చిన్నత్తమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది.

"అత్తమ్మా! అది మామ గొంగడి గద!" అన్నాను.

"మీ మామ ఇప్పుడు కప్పుకుంటలేడు. నువ్వు పడుతున్నవు" అంది.

ఆ ముక్కలను మడతలు వేసి, పాత చీర అంచుతో నాడాలు కుట్టి, నా మోకాళ్ళకు కట్టి చూసింది. మెత్తగా ఉన్నాయి, మోకాలు ఎటు వంగితే అటు వంగాయి. గరగరా గుచ్చుకున్నాయి కూడా, అది కూడా చెప్పాలి. ఆ రోజు నాకు ఏడుపు వచ్చింది. కన్నవాళ్ళు కూడా నా ఇష్టాన్ని అట్లా మారు మాట్లాడకుండా భుజాన వేసుకోలేదు.

పోటీ ఢిల్లీ దగ్గర. మోకాళ్ళకు ఉన్ని ముక్కలు కట్టి, వాటి మీద ప్యాంటు తొడుక్కున్నాను. అత్తమ్మ రెండు కంతల గొంగడితోనే వచ్చింది. ఆ కంతలు ఆమెకు భలే అక్కరకు వచ్చాయి. కప్పుకున్నది తీయకుండా వాటిలోంచి చేతులు బయటపెట్టి చాయ్ తాగేది, ముక్కు తుడుచుకునేది. పాట మొదలయ్యే ముందు నేను ఆమె కోసం వెతికాను. అవతలి మూలలో ఉంది. ఒక కంతలోంచి చెయ్యి బయటికి వచ్చి, ఇటు రా, ఇటు రా అని ఊగింది. నేను ఆ చేతిని చూస్తూ వెళ్ళాను. తల దించలేదు. పడలేదు. వచ్చింది చివరి నుంచి రెండో స్థానం.

"నీ ఎనుక గూడ ఒకలున్నరు గద" అంది అత్తమ్మ. "తోక గొర్రెవైతే గావు. సాలు, పా, ఆకలైతాంది."

తిరుగు రైలులో నా కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని, నేను వద్దంటున్నా వినకుండా మోకాళ్ళకు నూనె రాసింది. అత్త కోడలి కాళ్ళు పట్టడం ఏమిటని ఎదుటి సీటు ఆవిడ వింతగా చూసింది. అత్తమ్మ ఆవిడకు కూడా ఒక రొట్టె ఇచ్చింది.

దవాఖాన నుంచి ఆమెను ఇంటికి తెచ్చాం. మా ఇళ్ళల్లో కాల్చరు, మట్టి చేస్తారు. మామ పక్కనే మట్టి చేయడానికి ఊరికి తీసుకెళ్ళాలి. కప్పడానికి గొంగడి తీసిన చిన్నత్తమ్మ, దాన్ని విప్పి చూసి బావురుమంది.

"మా అక్క పొక్కల గొంగడితోని పోతదా? మా బావకేమని జెప్తది? ఆ ముక్కలు తెచ్చి కుట్టు పిల్లా."

ఆమెకు నా మీద కోపం లేదు. అక్కను నిండు గొంగడితో సాగనంపాలని ఆశ. నేను బీరువాలోంచి ముక్కలు తెచ్చాను. సూదికి నల్లదారం ఎక్కించి ఒకదాని నాడాలు, మడతలు విప్పాను. ఇవి తిరిగి కుట్టేస్తే నేను ఇక మంచు మీద కాలు పెట్టను. ఆ మాట ఎవరూ అనలేదు, నాకే తెలుసు. ఆమె ఒంటి మీదికి పోవాల్సిన దాన్ని నా ఆట కోసం అట్టిపెట్టుకుంటానా అని కూడా అనిపించింది. ముక్కను కంత మీద పెట్టాను. అది అతకలేదు. ఇన్నాళ్ళలో నా మోకాలి వంపు దానికి పట్టేసింది. చేత్తో సాపు చేస్తే, చెయ్యి తీయగానే బోర్లించిన గిన్నెలా మళ్ళీ లేచింది.

మా ఆయన అప్పటిదాకా తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు.

"అమ్మ కోసిందాన్ని నువ్వెందుకు కుడుతవ్?" అన్నాడు.

చిన్నత్తమ్మ నన్ను చూసింది, నా చేతిలో ఉబ్బెత్తుగా ఉన్న ఆ ముక్కను చూసింది. కళ్ళు తుడుచుకుని, సూది నా చేతిలోంచి తీసుకుని దారం తెంపేసింది. "ఉండనియ్. మళ్ళ పడుతవ్" అంది.

ఊళ్ళో, మామ పక్కన, గొంగడి కప్పి ఆమెను దించారు. ఒక కంతలోంచి ఆకుపచ్చ చీర కనిపిస్తోంది. దించేటప్పుడు కదిలిందేమో, రెండో కంతలోంచి చెయ్యి బయటికి వచ్చి ఉంది. మా ఆయన దాన్ని లోపలికి సర్దబోయి, నా వైపు చూసి, అలాగే వదిలేశాడు.