గొర్రె గొట్టంతోని పోసిన నీలగిరి తైలం

ఆ పొద్దు మధ్యాహ్నం నా బిడ్డ మల్లిని పిలిస్తే కండ్లు తెరిచింది గని పలుకలే. అప్పటికి దానికి మూడేండ్లు. పొద్దుగాల జర పడిశం, దగ్గు, గంతే. దగ్గరికి తీసుకుంటే నోట్లకెల్లి నీలగిరి తైలం వాసన గుప్పుమన్నది.

మాది మర్రిగూడ దిక్కు. మా ఆయన గొర్ల మందను తోల్కొని కృష్ణ ఒడ్డుకు పోయిండు. ఇంట్ల నేను, మల్లి, నన్ను కన్న మా బాపు. నీలగిరాకుల తైలమది, చాతికి రుద్దాలె. బాపుకు గది తెల్వదు. గొర్రెకు దగ్గొస్తే వెదురు గొట్టంతోని గొంతులకు మందు పోసుడే ఆయనకెరుక. నేను నీళ్లకు పోయొచ్చేసరికి మనుమరాలికి గట్లనే పోసిండు.

"ఎన్ని గొర్లకు పోసిన బిడ్డా, గీమెకేమైతది?" అన్నడు. మల్లి మెడ వాల్చేసరికి ఆయన మొకం నల్లవడ్డది. గబగబ ఉప్పునీళ్లు తాపి కక్కించిండు.

తైలం బుడ్డి కొంగున ముడేసుకొని, బస్సెక్కి నల్లగొండ దవాఖానకు ఉరికినం. డాక్టరు బుడ్డి వాసన చూసిండు.

"ఇది పాయిజన్ అమ్మా. కక్కించిన్రా? గట్ల చేస్తే లంగ్స్‌లకు పోతది!" అని కోప్పడ్డడు.

సెలైన్ పెట్టిన్రు. పొద్దూకినంక మల్లి "అమ్మా" అన్నది. దేవుడా, బతికింది అనుకున్న. తెల్లారి మల్ల జొరం, ఊపిరాడక ఎగపోత. "తైలం లంగ్స్‌లకు పోయింది, న్యుమోనియా" అన్నడు డాక్టరు. పెన్సిలిన్ ఇంజెక్షన్లు మొదలువెట్టిన్రు.

బాపు లోపలికి రాలే. బయట గోడకొరిగి, "దాని మొకం నేనెట్ల చూడాలె?" అని ఒకటే ఏడ్పు. నాకు కోపం మస్తున్నది. అయినా పోయి ఆయన పక్కన కూసున్న.

జొరం దిగినంక మల్లి అడిగింది, "తాతేడి?" అని. బాపు చెయ్యి పట్టి లోపలికి గుంజుకొచ్చిన. డాక్టరు చాతి చూసి, "సాఫ్ ఉంది, ఇగ ఫికర్ లేదు" అన్నడు. ఇద్దరం అక్కడ్నే కూలవడి ఏడ్చినం.

ఇప్పుడు మల్లి బడికి పోతాంది. తాగరాని బుడ్డి ఏదున్నా బాపు ఆ బుడ్డి మెడకు గుర్తుగ నల్ల ఉన్ని కడుతడు.

నేను చెప్పేది ఒక్కటే. రుద్దే తైలం ఎవలన్న మింగితే కక్కించకున్రి, బుడ్డి పట్టుకొని దవాఖానకు ఉరుకున్రి.

మొన్న బాపుకు పడిశం పట్టింది. మల్లే ఉన్ని కట్టిన బుడ్డి తెచ్చి ఆయన ముందట కూసున్నది. "ముందుగాల నోరు మూస్కో తాతా, గప్పుడే రుద్దుత" అన్నది. బాపు గట్టిగ నోరు మూసుకున్నడు.