తూర్పువాళ్ళ మొహమాటం

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, మిషిగన్‌లో చదువుకునే మాలాంటివాళ్ళకి తెలుగువారింట్లో భోజనమంటే పండగే. బ్రెడ్డూ, నా చేతి ఉప్మా తిని నాలిక చచ్చిపోయిన సమయంలో దగ్గర్లోని ట్రాయ్ ఊళ్ళో ఉండే తెలుగు ఆంటీ ఒకావిడ ఫోన్ చేసి, "ఆదివారం గుత్తివంకాయ చేస్తున్నా, మీ రూమ్మేట్‌ని కూడా తీసుకురా" అన్నారు. నేను ముందురోజు నుంచే కడుపు ఖాళీ పెట్టుకున్నాను.

నా రూమ్మేట్ తూర్పు భూటాన్‌కి చెందిన షార్చోప్ తెగ కుర్రాడు. ఆ పేరుకి అర్థమే తూర్పువాళ్ళని (నేనూ తూర్పబ్బాయనే పిలిచేవాణ్ణి). వాళ్ళింట్లో త్షాంగ్లా మాట్లాడతారు, పడమటివాళ్ళది జోంఖా, దక్షిణాన నేపాలీ. ఎవరైనా "భూటానీస్‌లో ఏదైనా చెప్పు" అంటే నీరసంగా నవ్వేవాడు. నన్ను "ఇండియన్‌లో" చెప్పమన్నప్పుడు నేనూ అలాగే నవ్వేవాణ్ణి. అక్కడే కుదిరింది మా స్నేహం.

దారిలో అతనికి మన మర్యాదలు బోధించాను. "వడ్డిస్తామంటే ముందు వద్దనాలి. ఆవిడ బతిమాలాక ఒప్పుకోవాలి."

"మాకు నేర్పుతున్నావా? మేం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ వద్దంటాం. మొదటిసారే ఒప్పుకుంటే మా అమ్మ పరువు పోతుంది" అన్నాడు.

ఆంటీవాళ్ళింట్లో అడుగు పెట్టాక, అతనిది తూర్పని వినగానే వాళ్ళాయన, అంకుల్, "మాదీ తూర్పేనయ్యా, తూర్పు గోదావరి" అని చెయ్యి కలిపేశారు. ఆంటీ ఒక్కో వంకాయ వేసి, "ఇంకోటి వెయ్యనా నాన్నా?" అన్నారు. నేను వద్దన్నాను. తూర్పబ్బాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆంటీ మళ్ళీ గరిటె ఎత్తేలోపు వాళ్ళ చిన్నమ్మాయి, "అమ్మా, దే సెడ్ నో. ఫోర్స్ చెయ్యకు" అంది. ఆంటీ పాపం సిగ్గుపడి గిన్నె లోపలికి తీసుకుపోయారు. ఆ గిన్నె వెనకాలే నా ప్రాణమూ వెళ్ళింది.

రూముకొచ్చాక అతను పచ్చిమిరపకాయలనే కూరగా, చీజ్ వేసి వండాడు. కారం తిని పెరిగిన నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇంకొంచెం?" అన్నాడు. బుద్ధొచ్చినవాణ్ణి కదా, వెంటనే కంచం చాపాను. అతను చిన్నబుచ్చుకున్నాడు. "ఒక్కసారైనా వద్దనాలి కదా."

ఇప్పుడు మా ఇంటికొచ్చిన పిల్లలు వద్దంటే మా మనవరాలు, "తాతా, దే సెడ్ నో" అంటుంది. నాకు చెవుడు రాలేదు గానీ, ఆ ఒక్క మాటా వినపడనట్టు వడ్డించేస్తాను. వాళ్ళలో తూర్పువాడెవడైనా ఉంటే ఆకలితో వెళ్ళిపోతాడని నా భయం.