నాన్న దిగిన మెట్లు

మొన్న నేపర్‌విల్‌లో స్నేహితురాలి గృహప్రవేశానికి వెళ్లి, సాంబ్రాణి పొగలోంచి పైఅంతస్తుకు ఎక్కబోతే, చెక్కమెట్ల వాసన గుప్పున తగిలి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఇన్నేళ్లయినా ఆ వాసనంటే నాకు భయమే.

నా ఎనిమిదో ఏట వేసవి సెలవులకు ఇండియా వెళ్తూ జపాన్‌లో ఆగాం. కీచురాళ్లు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్న మధ్యాహ్నం, అమ్మ ఇంటినుంచి మోసుకొచ్చిన చపాతీల్లో ఆవకాయ రాసి చుట్టిస్తే చెట్టు నీడన తిని, వందల ఏళ్లనాటి కోట చూడబోయాం. గుమ్మంలోనే బూట్లు విప్పించి, తలా ఒక ప్లాస్టిక్ సంచి ఇచ్చి, అందులో వేసుకుని మోయమన్నారు. నాన్న కిందే కూర్చుంటానన్నారు. అమ్మ ఒప్పుకుంటేగా!

"చెప్పులు విప్పమన్నారంటే పైన దేవుడున్నట్టే. ఇంత దూరమొచ్చి దర్శనం చేసుకోకుండా పోతామా?"

లోపలంతా చీకటి, పాత కలప వాసన. బాణాలు వేయడానికి గోడల్లో కన్నాలు, శత్రువుల నెత్తిన రాళ్లు పడేయడానికి నేలలో మూతలు. ఆ మూతల కిందనుంచి ఎవరో నా కాలు లాగుతారనిపించి నాన్న చొక్కా వదల్లేదు. నాన్నకు భయమంటే తెలియదని నా నమ్మకం. మా ఇంటి కింద బేస్‌మెంట్‌లోకి లైటు వేయకుండా వెళ్లే మనిషి మరి! పైకి వెళ్లేకొద్దీ మెట్లు నిటారుగా నిచ్చెనలైపోయాయి. చిట్టచివర నిజంగానే చిన్న గుడి ఉంది. అమ్మ ముఖం వెలిగిపోయింది.

దిగేటప్పుడు నాన్న మెట్ల మధ్యలో ఆగిపోయారు. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకున్నారు. పైమెట్టు మీదున్న నాకు ఆయన భుజాలు వణకడం కనిపించింది. నా వెనక జపాన్ ముసలివాళ్లు సంచులు పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డారు, విసుక్కున్నా బాగుండేది. నాన్న పడిపోతారని, చచ్చిపోతారని, ఈ చీకట్లో అమ్మా నేనూ మిగిలిపోతామని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నాన్నా, ప్లీజ్, డోంట్ ఫాల్" అని ఏడ్చాను.

ముందే దిగిన అమ్మ మళ్లీ ఎక్కివచ్చి, నాన్న మడమ పట్టుకుని, ఒక్కో పాదాన్నీ తనే మెట్టు మీద పెట్టింది.

"నేనున్నాగా. కిందికి చూడకండి. ఊఁ, ఇంకో కాలు."

బయటికొచ్చాక నాన్న నవ్వి, "సాక్స్ జారాయి తల్లీ, అంతే" అన్నారు. నేను నమ్మలేదు. ఎప్పుడూ ఆటపట్టించే అమ్మ ఆ రోజు ఆయన బూట్లు సంచిలోంచి తీసి కాళ్ల ముందు పెట్టింది.

అంతకుముందు నాన్న కారు స్టార్ట్ చేస్తే చాలు, మంచు ఎంత కురుస్తున్నా వెనక సీట్లో నిద్రపోయేదాన్ని. ఇల్లు చేరాక ఎత్తుకుని తీసుకెళ్తారులే అని ధీమా. ఆ చలికాలం నుంచి స్టీరింగ్ మీద ఆయన చేతులే చూస్తూ కూర్చునేదాన్ని, వణుకుతున్నాయేమోనని. ఇప్పుడు డ్రైవింగ్ నాదే. పక్క సీట్లో నాన్న మా వీధి మలుపు దాటకుండానే గుర్రు పెడతారు. అలాంటి నిద్ర నాకు మళ్లీ రాలేదు.