లాడ్జి హాల్లో రెండు టీవీలు

మా మావయ్య పోయాడు. సోమవారం పొద్దున్న స్కూల్లో ప్రార్థన అవుతుంటే అత్త ఫోన్ చేసింది. "మీ మావయ్య ఎల్లిపోయేడే గుంటా. నిద్దట్లోనే..." అని ఫోను పక్కావిడ చేతికిచ్చేసింది. నా క్లాసు పిల్లల్ని పక్క టీచరుకి అప్పగించి బయల్దేరాను.

అనకాపల్లిలో పాతికేళ్ళపాటు ఎవరి డాబా మీద యాంటెనా కట్టాలన్నా పిలుపు ఆయనకే. అసలు పేరు ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. స్టేషన్ దగ్గర దిగి యాంటెనా మాస్టారిల్లు అంటే చాలు, ఆటో తిన్నగా మా గుమ్మం ముందు ఆగేది. మా అమ్మకి అన్నయ్య. నేను వాళ్ళింట్లోనే ఉండి కాలేజీకి వెళ్ళాను కనుక, సెలవు రోజున ఆయనకి నేనే తోడు.

ఆయన డాబా మీద, నేను కింద టీవీ ముందు. ఆయన రాడ్డు తిప్పుతుంటే బొమ్మ ఎలా ఉందో నేను కిటికీలోంచి అరిచి చెప్పాలి. కొత్తలో "బాగుంది మావయ్యా!" అని అరిచేదాన్ని. అంతే, పైనుంచి తిట్లు.

"బాగుందనడానికి ఇది పెల్లిసూపులా? ఏటి కనిపిత్తందో అది సెప్పు!"

"వార్తలు చదివే ఆవిడకి రెండు ముక్కులున్నాయి!"

"అదీ మాట. ఒక ముక్కు తిన్నగా వచ్చింది, రెండోది కొండకి కొట్టుకుని వచ్చింది. ఉండు." రాడ్డు వేలెడు జరిగేది. "ఇప్పుడో?"

"ఒకటే ముక్కు. ముక్కుపుడక కూడా కనిపిస్తోంది."

"ఐతే దిగిపోతన్నాను."

పనికి వెళ్ళేటప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. డాబా మీద ఎవరిని మెప్పించడానికని అత్త ఎగతాళి చేసేది. ఎండబెట్టిన వడియాల మీద ఆయన అడుగు ఒక్కసారి కూడా పడలేదని ఆడవాళ్ళు చెప్పుకునేవారు. ఇప్పుడు నేను పాఠాలు చెబుతున్నాను. పూలతోట గురించి రాయమంటే "చాలా బాగుంది" అని రాసే పిల్లల్ని నేనూ ఊరుకోను.

మూడేళ్ళ కిందట ఊళ్ళో డాబాల మీద గొడుగులు మొలిచాయి. డిష్‌ని మావాళ్ళు గొడుగనే అంటారు. ఒకప్పుడు రోజుకి ముగ్గురు పిలిచిన మనిషికి వారానికి ఒక్క పిలుపు గగనమైంది. యాంటెనాల కొట్టు మూసేసి బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనికి చేరమని అత్త పోరు. అప్పుడే స్టేషన్ దగ్గర లాడ్జి నడిపే ఒకాయన గదులన్నిటికీ టీవీలు పెట్టాలనుకున్నాడు. యాంటెనా పెట్టాలా, డిష్ పెట్టాలా? ఆ పని దొరికితే కొట్టు నిలబడుతుంది. లేకపోతే కాటాయే.

లాడ్జి ఆయన హాల్లో ఒకే రకం టీవీలు రెండు పక్కపక్కన పెట్టించాడు. ఎడమదానికి మా యాంటెనా, కుడిదానికి డిష్ డీలరు గొడుగు. రెండింట్లోనూ ఒకటే సర్కారు ఛానల్, ఒకటే పాటల కార్యక్రమం. బెల్లం వర్తకులు, ఆటోవాళ్ళు, గదుల్లో దిగినవాళ్ళు, అందరూ చేరారు. టీవీలు పెట్టగానే జనం నవ్వారు. డిష్ బొమ్మ మసక మసగ్గా ఉంది. డీలరు ముఖానికి చెమటలు పట్టాయి. లాడ్జి ఆయన "రేపట్నుంచి పని మొదలెట్టీండి మాస్టారూ" అనేశాడు.

నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. "మావయ్యా, మనదే బాగుంది!"

"బాగుందనకు. ఏటి కనిపిత్తంది?"

నేను నోరు మూసుకుని ఉండొచ్చు కదా! చెప్పాను. "వాళ్ళ బొమ్మ మీద ఏటవాలుగా గీతలు పాకుతున్నాయి. చీర ఎరుపు అంచు దాటి కారుతోంది."

మావయ్య ముఖం మారిపోయింది. "గీతలా? గల్లు కాదా?"

"గీతలే."

"గొడుగు బొమ్మ పాడైతే సదరంగం బల్లలాగ గల్లుగల్లుగా ఇరుగుద్ది, లేకపోతే ఆగిపోద్ది. గీతలు రావు. ఇది తీగ తప్పు."

"ఉండండి బాబూ" అని లాడ్జి ఆయన్ని ఆపి, కుడి టీవీ వెనక్కి వెళ్ళాడు. డిష్ డబ్బా నుంచి వచ్చే తీగ యాంటెనా కన్నంలో గుచ్చి ఉంది. పీకేశాడు. "మూడు రంగుల తీగలిచ్చుంటారే, అవేవి?" అన్నాడు. డీలరు అట్టపెట్టెలోంచి తీసిచ్చాడు, కవరు కూడా విప్పలేదు. పసుపు పసుపులో, ఎరుపు ఎరుపులో, తెలుపు తెలుపులో గుచ్చి మావయ్య రిమోట్ నొక్కాడు.

జనమంతా కుడి టీవీ ముందుకి జరిగారు. పాడే ఆవిడ చీర మీద జరీ పోగులు లెక్కపెట్టొచ్చు. పక్కనున్న మా బొమ్మ మీద ఎవరో ఇసక చల్లినట్టుంది. లాడ్జి ఆయన మావయ్య వైపు చూడలేక డీలరు వైపు తిరిగాడు.

దారంతా ఏడుస్తూనే నడిచాను. "గెలిచిన పని పాడుచేసుకున్నావు. నీకేం పట్టింది మావయ్యా?"

"ఆడి తీగ తప్పయితే నా బొమ్మ గొప్పదైపోద్దేటమ్మా? బొమ్మకి అన్నేయం సెయ్యకూడదు."

ఇంట్లో అత్త ఇల్లెగిరిపోయేలా అరిచింది. "ఓలమ్మో! నోటికాడ కూడు నీ సేత్తోనే ఆడికిచ్చీసేవా?"

ఆయన అన్నం కలుపుకుంటూ ఆ ఎరుపు గురించి, ఆ జరీ గురించి చెబుతూనే ఉన్నాడు. అత్త గిన్నెలు విసిరింది, మూతి తిప్పింది, చివరికి పక్కన కూలబడి, "అంత బాగుంటాదేటి?" అంది. నాకు ఏడుపులో నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున్న "రాయే" అని నన్ను వెంటబెట్టుకుని డీలరు కొట్టుకి బయల్దేరాడు. దెబ్బలాటకేమో అనుకుని నేను సరదాగానే వెళ్ళాను. తీరా చూస్తే మావయ్య గుమ్మంలో నిలబడి, "బాబూ, నాకీ గొడుగు పని నేర్పుతావా?" అన్నాడు. ఆయనకి యాభై దాటాయి, వాడికి ముప్పై ఉంటాయేమో. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది. ఆ నా తక్కువ బుద్ధికి ఇవాళ సిగ్గుపడుతున్నాను.

ఆ కొట్లో ఉన్నది ఒకటే కుర్చీ. డీలరు అందులోంచి గబుక్కున లేచాడు.

"కూకో మామా."

"వద్దు బాబూ, నేర్సుకోడానికొచ్చేను. నువ్వు కూకో."

"నువ్వు నిలబడుంటే నాకు నోట మాట రాదు మామా."

భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాడు. మావయ్య ఒళ్ళో నోటుపుస్తకం తెరిచి పెన్ను మూత తీశాడు. గొడుగు ఎటు తిప్పాలో, ఎంత ఎత్తాలో డీలరు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు, మావయ్య చిన్న బళ్ళో కుర్రాడిలా తల వంచుకుని రాసుకున్నాడు. పాఠం అయ్యేసరికి మధ్యాహ్నమైంది. చెప్పినవాడు అంతసేపూ చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు.